ఐదున్నర శృతిలో రెండు గిటార్లు

మా పాస్టరమ్మగారి శృతి ఐదున్నర. కీబోర్డు భాషలో జీ షార్ప్. మా దుబాయ్ సంఘంలో ఎవరు గిటార్ పట్టినా ముందు ఆ ఐదున్నర సంగతి చూసుకోవాల్సిందే. నేనైతే గిటార్ మెడ మీది మొదటి ఫ్రెట్, అంటే మొదటి అడ్డపట్టీ దగ్గర, తీగలన్నిటినీ నొక్కిపట్టే కేపో అనే క్లిప్పు బిగించి, జీకి పట్టే వేళ్ళ షేపుల్లోనే వాయిస్తాను. పోయినేడు కొత్త గిటార్ కొనాల్సి వచ్చినప్పుడు, రెండిట్లో ఏది తీసుకోవాలో చివరికి తేల్చింది కూడా ఆ ఐదున్నరే.

మాది కోనసీమ, రాజోలు దగ్గర పల్లె. గిటార్ నేర్చుకుంది మా ఊరి చర్చిలోనే. క్రిస్మస్ ముందు నెల రోజులు ఊరంతా తిరిగి పాటలు పాడే కుర్రాళ్ళ వెనకాల నడుస్తూ, వాళ్ళ వేళ్ళు చూసి పట్టుకున్న విద్య. ఇక్కడ నేను ఏసీ టెక్నీషియన్ని. అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో గదికి ఆరుగురం. నాలుగున్నరకి లేచి ఐదుంపావుకి బస్సెక్కుతాం. చిల్డ్ వాటర్ లైన్లు, సీలింగు పైన ఇరుక్కున్న ఫ్యాన్ కాయిల్ యూనిట్లు, పాకుడు పట్టి మూసుకుపోయిన డ్రెయిన్ పైపులు, ఇదీ నా లోకం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నియమం. ఆ రెండున్నర గంటలూ అట్టపెట్టెలు విప్పి నేలమీద పరుచుకుని నడుం వాలుస్తాం. అందరూ నిద్రపోతుంటే నేను కోసి పడేసిన రాగి పైపు ముక్క ఒకటి తీసుకుని, దాని మీద ఆదివారం పాటలకి గిటార్ మీద పెట్టాల్సిన వేళ్ళ పట్లు పట్టుకుంటూ పడుకుంటాను.

ఆదివారం అని ఇప్పుడు అంటున్నాను గానీ, 2022 జనవరిలో ఇక్కడ వారాంతం మారేదాకా మా ఆరాధన శుక్రవారమే. ఊద్ మెథాలో చర్చిలన్నీ ఉన్న వీధిలో ఓ హాలు మాకు రెండు గంటలు దొరుకుతుంది. మాకంటే ముందు మలయాళీలు, మా తర్వాత ఫిలిప్పినోలు. స్టేజీ సర్దుకోవడానికి పది నిమిషాలుంటే గొప్ప. ఒక కీబోర్డు, తబలా, నా గిటార్, నాలుగు గొంతులు. ఎదురుగా రెండు వందల మంది. వాళ్ళలో ఎక్కువమంది వారమంతా ఎవరింట్లోనో వంట చేసో, పిల్లల్ని చూసో, కారు నడిపో వచ్చినవాళ్ళు. వాళ్ళు నోరారా తెలుగు పాడుకునేది ఆ రెండు గంటలే. అందుకే ఆ హాల్లో శబ్దం సరిగ్గా ఉండాలన్నది నాకు చిన్న విషయం కాదు.

పాత గిటార్ నా చేతుల్లోనే పాడైంది. ఆగస్టులో ఒకరోజు దాన్ని పికప్ బండి వెనక సీట్లో పెట్టి గంటసేపు పనికెళ్ళాను. అద్దాలు వేసిన బండిలో ఆ ఎండకి 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి బ్రిడ్జిని, అంటే అవి బిగించి ఉండే చెక్కని. జిగురు మెత్తబడితే ఇంకేముంది? తిరిగొచ్చేసరికి బ్రిడ్జి ఒకవైపు లేచి, దాని కింద నా గోరు దూరేంత సందు. ఆ సందులోకి చూస్తూ బండి పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

గల్ఫులో మంచి వస్తువు దొరికేది వెళ్ళిపోయేవాళ్ళ దగ్గరే. ఆ నెలలో ఇద్దరు వెళ్ళిపోతున్నారు. కరామాలో ఉండే కేరళ మాస్టారు ఒకరు, ఇరవై ఏళ్ళు స్కూల్లో సంగీతం చెప్పి రిటైరై ఇంటికి పోతున్నారు. ఆయన దగ్గర డ్రెడ్‌నాట్ అనే పెద్ద పెట్టె గిటార్ ఒకటి ఉంది. ముందుచెక్క స్ప్రూస్, వెనకా పక్కలా రోజ్‌వుడ్, అంతా నికార్సైన కర్ర, పొరలు అతికించిందేం కాదు. తీగలు ఆనే పట్టీ కింద, వణుకుని పట్టి వైరుగుండా స్పీకరుకి పంపే పికప్ తర్వాత పెట్టించారట. 1,900 దిర్హాములు అడిగారు. ఇక రెండోది షార్జా సంఘంలో తమ్ముడిది. సౌదీలో పని దొరికి వెళ్ళిపోతున్నాడు. యమహా ఏపీఎక్స్ 600, సన్నపాటి పెట్టె. "అన్నా, నీకైతే 750" అన్నాడు. నా బేసిక్ జీతం 1,800. రెండిటికీ మధ్య తేడా మన రూపాయల్లో పాతిక వేల పైమాటే. డబ్బు ప్రసక్తి రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఓవర్‌టైం చేసైనా పెద్దదే తీసుకోవాలని అప్పటికే మనసులో అనుకున్నాను. ఎందుకంటే కరామాలో మాస్టారి ముందుగదిలో దాన్ని ఒక్కసారి మీటి చూశాను.

ఆ మోత ఎలా చెప్పను! కింది తీగ, అంటే కింది స్వరం పలికే లావు తీగ, మీటితే నా పక్కటెముకల్లోకి వచ్చింది. రోజ్‌వుడ్డంటే మనవైపు జిట్రేగి అంటారే, ఆ జాతి కర్ర. అమెరికాలో మార్టిన్ కంపెనీవాళ్ళ డీ-28 అని పేరుమోసిన గిటార్ ఉంది. దాని వెనకచెక్క కూడా మన దేశపు రోజ్‌వుడ్డే. మన కొండల్లో పుట్టిన కర్ర అక్కడిదాకా వెళ్ళి పాడుతోందంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ డ్రెడ్‌నాట్ ఆకారం కూడా మార్టిన్‌వాళ్ళదే. 1916లో ఇంకో కంపెనీ కోసం మొదట చేశారు. బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారంటే అప్పట్లో అదెంత పెద్దగా కనిపించిందో చూడండి. మైకులు, స్పీకర్లు లేని కాలం. గొంతుకి తోడుగా గట్టిగా మోగాలి, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మాస్టారు మంచి మనిషి. "పది రోజులు నీ దగ్గరే ఉంచుకో, నచ్చితేనే డబ్బు" అన్నారు. షార్జా తమ్ముడూ అదే మాట. అలా పది రోజులు రెండు గిటార్లూ నా మంచం కింద ఉన్నాయి.

ఇక్కడ నా పని అక్కరకొచ్చింది. గాలిలో తేమ కొలిచే మీటరు నా టూల్ బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ ఉంటే హాయి. రాత్రి ఏసీ నడుస్తుంటే మా గదిలో 50 చూపించింది. పగలు గదిలో మనిషి ఉండడు కాబట్టి ఏసీ ఆపేస్తారు. సాయంత్రం వచ్చి చూస్తే 76. రోజూ ఇదే వరస. నికార్సైన కర్ర తేమ పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, మళ్ళీ ఆరుతుంది. పెద్ద గిటార్‌కి 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో మొదటిరోజే సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి రాసుకున్నాను. వారం తిరిగేసరికి దాదాపు అర మిల్లీమీటరు పెరిగింది. పగలంతా స్పానర్ తిప్పిన వేళ్ళకి ఆ అర మిల్లీమీటరు బాగా తెలుస్తుంది. చిన్నదాని పై చెక్క పొరలు అతికించింది. తేమతో దానికంత పేచీ లేదు. పైగా తీగ పొడవు 634 మిల్లీమీటర్లే, మామూలుగా 650 దాకా ఉంటుంది. నొక్కడానికి మెత్తగా ఉంది.

ఇంకో సంగతి కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాలి. ఆగస్టు రాత్రుల్లో సముద్రం మీంచి వచ్చే గాలిలో తేమ ఎంతుంటుందంటే, 28 డిగ్రీలకి చల్లబడిన వస్తువు ఏదైనా చెమటపడుతుంది. మన గిటార్ 22 డిగ్రీల గదిలోంచి బయటికొచ్చిందనుకోండి, ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసా అయిపోతుంది. ఏసీ కాయిల్ మీద నీళ్ళు పట్టేది కూడా ఇలాగే. కాబట్టి బయట కేసు తెరవకండి. లోపలికెళ్ళాక కూడా అరగంట ఆగండి. తీగలకి తుప్పు, చెక్కకి పగుళ్ళు సగం ఇక్కడే తగ్గిపోతాయి.

ఇదంతా తెలిసినా పెద్దదాని మీంచి మనసు పోలేదు. కేసులో తేమ పొట్లాలు పెట్టుకుంటాను, తుండుగుడ్డ చుడతాను, చంటిపిల్లలా చూసుకుంటాను అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఆ ఆదివారం అందరి ఆరాధనలూ అయ్యి హాలు ఖాళీ అయ్యాక, రెండూ పట్టుకుని, షార్జా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. సౌండు చూసే గోవా అంకుల్ ఉన్నారు. కుర్రతనంలో హోటళ్ళలో బేస్ గిటార్ వాయించిన మనిషి. ఖాళీ హాల్లో, వైరు పెట్టకుండా పెద్దది వాయిస్తే ఆయన కూడా మిక్సర్ వదిలేసి లేచి వచ్చారు. తర్వాత వైరు పెట్టాం. గిటార్ నుంచి డీఐ బాక్సులోకి, అంటే సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న డబ్బాలోకి, అక్కణ్ణుంచి మిక్సర్‌కి. కాళ్ళ దగ్గర, మా శబ్దం మాకు వినిపించే మానిటర్ స్పీకరు. అమ్మగారు మైకు పట్టుకుని పల్లవి ఎత్తుకున్నారు. నేను కేపో పెట్టి జీ షేపు పట్టి కింది తీగ మీటాను.

ముందు బాగానే ఉంది. రెండోసారి పల్లవికి వచ్చేసరికి అడుగునుంచి ఒక గుమ్మనే మోత మొదలై, నేను చెయ్యి తీసేసినా ఆగకుండా ఉబ్బుతూ పోయింది. అమ్మగారు పాట ఆపేశారు. అంకుల్ ఫేడరు దించారు.

ఆయన స్టేజీ మీదికొచ్చి ఏం చేశారో అది నేను మర్చిపోలేను. తీగలన్నీ అరచేత్తో మూయమని, గిటార్ రంధ్రం దగ్గర నోరు పెట్టి, సన్నగా 'ఊఁ' అంటూ కింద నుంచి పైకి స్వరం జరుపుకుంటూ పోయారు. ఒకచోట పెట్టె ఒక్కసారిగా పలికింది. నా చేతికింద చెక్క వణికింది. "ఇదీ దీని సొంత గొంతు" అన్నారు. తర్వాత ఫోన్లో ట్యూనర్ తెరిచి చూపించారు. వంద హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి వంద కంపనాలకి, కాస్త పైన. మా ఐదున్నర శృతికి నేను మీటే కింది జీ షార్ప్ 104 హెర్ట్జ్. అంటే అమ్మగారు పాడే ప్రతి పాటకీ ఆధార స్వరం, ఈ పెట్టె తనంతట తాను మోగే స్వరం, రెండూ పక్కపక్కనే. నేను మీటితే స్పీకరు పలుకుతుంది, స్పీకరు పలికితే పెట్టె వణుకుతుంది, పెట్టె వణికితే పికప్ మళ్ళీ స్పీకరుకి పంపుతుంది. మైకులు లేని రోజుల్లో గట్టిగా మోగడానికి పుట్టిన పెట్టెని స్పీకరు ముందు కూర్చోబెడితే దాని బలమే మనకి కష్టమైంది.

మందులు లేకపోలేదు. రంధ్రానికి రబ్బరు మూత పెట్టారు. మిక్సర్‌లో ఆ వంద దగ్గర కోత వేశారు. మోత తగ్గింది. కానీ ఏ అడుగు మోత కోసం నేను నెల జీతం పోద్దామనుకున్నానో అదే పోయింది. ఇక మిగిలినదానికి 1,900 ఎందుకు?

చిన్నది పెట్టాం. నిజం చెప్పాలంటే శబ్దం పలచగా ఉంది. గట్టిగా కొడితే ప్లాస్టిక్ మీద కొట్టినట్టు ఒక టకటక. నాకు మొహం చిన్నబోయింది. అప్పుడు అంకుల్ "నువ్వు దిగి చివరి వరసలో కూర్చో, వాడికివ్వు" అన్నారు. షార్జా తమ్ముడు వాయించాడు, తబలా, కీబోర్డు, అమ్మగారు అందరూ కలిసి. ముందు పెద్దదాంతో, తర్వాత చిన్నదాంతో. పెద్దది వాయిస్తుంటే కీబోర్డు ఎడమచెయ్యి, తబలా జతలో ఎడమది అయిన బాయా, గిటార్ అడుగు తీగలు మూడూ ఒకేచోట కలిసి ముద్దయిపోయాయి. అమ్మగారు కింది స్వరాల్లోకి దిగినప్పుడు మాట తెలియలేదు. చిన్నది వాయిస్తుంటే ప్రతి స్ట్రోకూ విడిగా, దాని మీద పాట ప్రతి మాటా విడిగా వినబడింది. వెనక వరసలో కూర్చునేవాళ్ళు ఆలస్యంగా డ్యూటీ దిగి పరుగున వచ్చేవాళ్ళు. ఇన్నాళ్ళూ స్టేజీ మీద నేను విన్నది ఒకటి, వాళ్ళు విన్నది ఇంకొకటి అని ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు తెలిసింది.

చిన్నదే తీసుకున్నాను. కొన్నరోజే ఒక గట్టి కేసు కూడా కొన్నాను. బండిలో మాత్రం ఇంకెప్పుడూ వదల్లేదు.

పదో రోజు సాయంత్రం పెద్దదాన్ని తిరిగివ్వడానికి కరామా వెళ్ళాను. సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది. గోడలకి ఫొటోలు తీసిన గుర్తులు. "డబ్బు ఇబ్బందా? నెలనెలా ఇవ్వొచ్చు" అన్నారు మాస్టారు. కాదు సార్ అని హాల్లో జరిగిందంతా చెప్పాను. మా గదిలో పగలు 76 శాతం సంగతీ చెప్పాను. "ఇరవై నాలుగ్గంటలూ ఏసీ ఉండే ఇంటికి ఇవ్వండి సార్, లేకపోతే మీతోనే తీసుకెళ్ళిపోండి" అన్నాను. ఆయన కాసేపు గిటార్ వంకే చూశారు. "అయితే నాతోనే వస్తుంది. నువ్వు ఒకటి వాయించి వెళ్ళు" అన్నారు.

కేపో జేబులోనే ఉంది. మొదటి ఫ్రెట్ మీద బిగించి, అదే ఐదున్నరలో, మా ఊళ్ళో క్రిస్మస్ ముందు వీధుల్లో పాడే పాట ఒకటి మొదలుపెట్టాను. స్పీకర్లు లేవు, వైర్లు లేవు. అడుగు తీగ మీటితే హాల్లో మమ్మల్ని హడలగొట్టిన ఆ జీ షార్ప్ గది నిండా పరుచుకుని, ఖాళీ గోడల్ని తాకి, మెల్లగా దానంతటదే ఆగింది. మాస్టారు ఒక అట్టపెట్టె మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. పాట అయిపోయాక నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.