నాచు చెరువులో బాస్ వేట: గట్టు మీది నోట్స్

పడవ ఉన్నవాళ్ళకి నాచు ఒక చికాకు, అంతే. చేప గడ్డిలో దూరితే పడవను దాని మీదికే పోనిచ్చి చేత్తో తీసుకుంటారు. గట్టు మీద నిలబడ్డవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ పడిన చేప అయినా మధ్యలో ఉన్న గడ్డంతా దాటుకుని మన కాళ్ళ దగ్గరికి రావాల్సిందే. అందుకే ఈ సీజన్‌లో నేను ప్రధానంగా ఒకే అలవాటు మీద పనిచేశాను. ఎర ఎక్కడ వెయ్యాలో తేల్చుకునే ముందు, పడిన చేపను ఏ దారిన బయటికి లాగాలో చూసి పెట్టుకోవడం. ఆ దారి కనపడకపోతే చోటు ఎంత ఊరిస్తున్నా విసరను.

చెరువు చిన్నది, లోతు ఎక్కువేమీ కాదు. ఒక పక్క కలువ ఆకులు, మిగతా అంతా హైడ్రిల్లా, కూన్‌టెయిల్ అనే నీటి మొక్కలు. ఎండలు ముదిరాక వాటి మీద పీచు నాచు తెట్టు కడుతుంది. చేప లార్జ్‌మౌత్ బాస్, పెద్ద నోరున్న మంచినీటి వేటచేప. దానికి మేత బ్లూగిల్ అనే చిన్న చేపల పిల్లలు, కప్పలు, తూనీగలు.

సరంజామా

రెండు రాడ్లు చాలు. గట్టు మీద నడిచేవాడికి మూడోది బరువే. మొదటిది 7 అడుగుల మీడియం హెవీ స్పిన్నింగ్ రాడ్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). దీంతో బరువు లేని ప్లాస్టిక్ పురుగు, తేలిక టెక్సస్ రిగ్ (కొక్కెం మొన పురుగులో దాగేలా గుచ్చి, ముందు గుండు పెట్టేది) వేస్తాను. రెండోది 7 అడుగుల 3 అంగుళాల హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్, 50 పౌండ్ల బ్రెయిడ్, 7:1 గేర్ రీల్ (పిడి ఒక్కసారి తిప్పితే ఏడు చుట్లు). ఇది బోలు రబ్బరు కప్ప ఎరకే. ఆ గేర్ ఎందుకంటే చేప కొట్టిన మరుక్షణం వదులు దారాన్ని చుట్టుకోవాలి, దాని తల పైకి లేచేలోపు అది గడ్డిలోకి తిరగకూడదు. డ్రాగ్ (చేప గుంజితే దారం వదిలే బిగింపు) దాదాపు పూర్తిగా బిగించేస్తాను.

నాచులో మోనో, ఫ్లోరోకార్బన్ అనే ఒంటిపోగు దారాల జోలికి పోను. బ్రెయిడ్ సాగదు, పైగా బిగువుగా లాగితే మెత్తటి కాడల్ని కోసుకుంటూ వస్తుంది. చేపకి దారం కనపడుతుందేమో అని కొందరికి అనుమానం ఉంటుంది. చుట్టూ అంత గడ్డి ఉన్నప్పుడు అది ఒక లెక్క కాదని నా అభిప్రాయం. ముడి ఎప్పుడూ పాలోమార్. దారం మడతపెట్టి వేసే ముడి కాబట్టి బ్రెయిడ్ జారదు, చీకట్లో కూడా వెయ్యొచ్చు. బిగించే ముందు ఉమ్మితో తడపడం మర్చిపోకూడదు.

ఇవి కాక పోలరైజ్డ్ కళ్ళద్దాలు, పొడుగు ముక్కు పట్టకారు, పొడుగు పిడి ఉన్న రబ్బరు వల, ఒక చేతికి గ్లవ్. గ్లవ్ సంగతి తర్వాత చెప్తాను.

మార్చి, ఏప్రిల్

నాచు ఇంకా అడుగునే ఉంది. నీళ్ళు 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఏడాది మొత్తంలో ముళ్ళ గుత్తి కొక్కేలు వాడగలిగే రోజులు ఇవే. లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (ఆ గుత్తులు వేలాడే, చేప ఆకారపు గట్టి ఎర) విసిరి, గడ్డి కొసలకు అక్కడక్కడా తగులుతూ వచ్చేలా చుట్టాలి. గడ్డికి పట్టుకోగానే ఆపకుండా రాడ్‌తో ఒక్క ఉదుటున గుంజాలి. కొట్టినవాటిలో చాలా భాగం ఎర అలా ఊడి వచ్చిన క్షణంలోనే కొట్టాయి. నాచు నీటిమట్టానికి ఒక అడుగు దూరంలోకి వచ్చాక ఆ ఎరల పెట్టె మూసేశాను.

నీళ్ళు 16 డిగ్రీలు దాటాక గట్టు పక్కన గులకరాళ్ళ మీద గుండ్రంగా, తెల్లగా ఊడ్చినట్టున్న మచ్చలు కనిపించాయి. అవి గూళ్ళు. గుడ్లకీ పిల్లలకీ కాపలా ఉండేది మగచేప. దాన్ని లాగి పక్కన పెట్టిన కాసేపట్లో బ్లూగిల్స్ వచ్చి గుడ్లు తినేస్తాయి. ఆ వారాల్లో గూళ్ళ వైపు ఎర వెయ్యలేదు. కొన్ని చోట్ల ఆ కాలంలో బాస్ వేటకి నిబంధనలు కూడా ఉంటాయి, లైసెన్సుతో పాటు అవీ చూసుకోవాలి.

మే

గట్టు వేటకి నా లెక్కలో అన్నిటికన్నా మంచి నెల. నాచు పెరిగింది కానీ గట్టుకీ నాచు గోడకీ మధ్య రెండు మూడు అడుగుల ఖాళీ నీళ్ళ బాట ఉంటుంది. పడవలో వచ్చేవాళ్ళు బయటి అంచు మీదే వేస్తారు, ఈ లోపలి అంచు మనది. పొద్దున్నే బాస్‌లు ఈ బాట వెంట మెల్లగా తిరుగుతుంటాయి.

నేరుగా వెళ్ళి అంచున నిలబడితే అవి ఆ క్షణమే మాయం. అడుగుల అదురు నేల గుండా నీళ్ళలోకి తెలుస్తుంది, నీడ అంతకన్నా ముందే తెలుస్తుంది. కాబట్టి గట్టుకి రెండు మీటర్లు వెనకే ఆగి, సూర్యుడు మొహానికి ఎదురుగా ఉండేలా నిలబడి, ముందు గట్టు వెంబడే సమాంతరంగా విసరాలి. అలా వేస్తే ఎర దారి పొడుగునా చేపలుండే చోటే ఉంటుంది. చెరువు మధ్యకి విసిరితే చివరి రెండు అడుగులే పనికొస్తాయి.

ఈ బాటలో 5 అంగుళాల స్టిక్ వర్మ్‌ని (పుల్లలాంటి ప్లాస్టిక్ పురుగు) మించింది నాకు దొరకలేదు. సీసం గుండు లేకుండా, 4/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర వంపున్న) కొక్కేనికి. గుచ్చే పద్ధతి ఇది: మొనను పురుగు తలలోకి పావు అంగుళం పోనిచ్చి పక్కనుంచి బయటికి తియ్యాలి. కొక్కెం కన్ను తలలోకి దిగేదాకా లాగి, కొక్కేన్ని అరచుట్టు తిప్పాలి. కొక్కెం వంపు పురుగు ఒంటి మీద ఎక్కడికి వస్తుందో చూసి, అక్కడ కింది నుంచి పైకి నిలువుగా గుచ్చి మొన బయటికి తెచ్చాక, ఆ మొనను పై తోలు కిందికి కొంచెం దాచాలి. వేలితో రాస్తే తగలకూడదు, నొక్కితే గుచ్చుకోవాలి. పురుగు తిన్నగా వేలాడకపోతే మళ్ళీ గుచ్చాల్సిందే, లేకపోతే నీళ్ళలో గిర్రున తిరిగి దారమంతా మెలికలు పడుతుంది.

విసిరాక ఏమీ చెయ్యక్కర్లేదు. అది తనంతట తాను అటూ ఇటూ వణుకుతూ దిగుతుంది. దారాన్ని చూస్తూ ఉండాలి. పక్కకి జరిగినా, దిగాల్సిన దారం ఉన్నట్టుండి ఆగినా చేప నోట్లో ఉన్నట్టే.

గడ్డిలో సందులుంటే 7 గ్రాముల టంగ్‌స్టన్ గుండు పెడతాను, దాని ముందు రబ్బరు స్టాపర్ తప్పనిసరి. స్టాపర్ లేకపోతే గుండు కాడకి అటుపక్క, పురుగు ఇటుపక్క వేలాడుతుంది.

జూన్ నుంచి ఆగస్టు

ఇక తెట్టు. చెరువులో సగానికి పైగా పచ్చగా మూసుకుపోయింది. బయట నుంచి చూసేవాడికి ఇక్కడ గాలం వెయ్యడమేంటి అనిపిస్తుంది. కానీ తెట్టు కింద మనం అనుకున్నంత గడ్డి ఉండదు. పైకప్పు మూసుకున్నాక వెలుతురు అందక లోపలి కాడలు పలచబడతాయి, కింద నీడగా, ఖాళీగా గదుల్లా ఉంటుంది. బాస్ అక్కడ పడుకుని పైన కదిలేవాటి కోసం చూస్తుంటుంది.

ఏ తెట్టు కింద చేప ఉందో చెవులతో తెలుసుకోవచ్చు. గాలి లేని పూట ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే తెట్టు కింద నుంచి టప్ టప్‌మని చిన్న చప్పుళ్ళు వినపడతాయి. నాచుకి అంటుకున్న పురుగుల్ని బ్లూగిల్స్ చప్పరించే చప్పుడు అది. ఆ చప్పుడు లేని తెట్టు మీద నేను టైమ్ పెట్టడం మానేశాను. బ్లూగిల్స్ ఉన్నచోటే బాస్.

ఇంకో సంగతి. మండు వేసవిలో తెల్లవారుజామే బెస్ట్ అని అందరూ అంటారు. దట్టమైన నాచున్న చిన్న చెరువులో ఇది ప్రతిసారీ నిలవదు. మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి తామే పీల్చుకుంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది, వరసగా మబ్బు రోజులైతే మరీ తక్కువ. ఉక్కపోత రాత్రుల తర్వాత నాకు తొమ్మిదీ పదింటికే దెబ్బలు (చేప ఎరను కొట్టడం) మొదలయ్యాయి. మామూలు రోజుల్లో మాత్రం పొద్దున్నా సాయంత్రమూ బాగున్నాయి.

ఎర బోలు కప్ప. కొన్నది కొన్నట్టు వాడను. కాళ్ళ పీచుల్ని ఒక అంగుళం కత్తిరిస్తే అటూ ఇటూ తేలిగ్గా తల తిప్పుతుంది. రెండు కొక్కేల మొనల్ని పట్టకారుతో వెంట్రుకవాసి బయటికి వంచుతాను. మొన గోటి మీద పెడితే జారకుండా పట్టుకోవాలి, జారితే రాయి మీద నూరాలి. తెట్టు మరీ మందంగా ఉంటే పొట్టలోకి నాలుగు చిన్న ఇనుప గుళ్ళు వేస్తాను, దాంతో కప్ప కాస్త కుంగి కింద నుంచి దాని కదలిక తెలుస్తుంది. కొక్కెం సందుల్లోంచి నీళ్ళు చేరతాయి కాబట్టి మధ్యమధ్యలో పిండేయాలి. రంగు గురించి చర్చలు చాలా ఉన్నాయి, నా దగ్గర నలుపొకటి తెలుపొకటి ఉన్నాయి. కింద నుంచి చూసే చేపకి కనపడేది పొట్ట, నీడ మాత్రమే.

తెట్టు మీద గబగబా లాగి, చిల్లు కనపడిన చోట ఆపడం, అక్కడే రెండు మూడుసార్లు వణికించడం. అంతకన్నా కష్టమైనది, నీళ్ళు పేలినట్టు ఎగిసినప్పుడు ఊరుకోవడం. గుండె ఆగినంత పనవుతుంది, చెయ్యి దానంతటదే లేస్తుంది. కానీ కంటికి కనపడింది నమ్మకూడదు, చేతికి బరువు తగలాలి. రాడ్ కొస దించి, వదులు దారం చుట్టి, బరువు తగిలాక నిలువుగా పైకి గట్టిగా. తప్పిపోతే కప్పని అక్కడే వదిలేయాలి, చాలాసార్లు మళ్ళీ వస్తుంది. రాకపోతే ఆ చిల్లులోకే రెండో రాడ్‌తో స్టిక్ వర్మ్ దించుతాను. ఈ ఒక్క పనితో తప్పిన దెబ్బల్లో కొన్ని చేపలయ్యాయి.

జూలైలో పడిన పెద్దది ఇలాగే. కలువల పక్కన రెండు తెట్ల మధ్య సన్నటి సందు ఉంది, దాని చివర గట్టు ఏటవాలుగా నీళ్ళలోకి దిగుతుంది. చేపను తియ్యడానికి ఆ చెరువులో అంతకన్నా మంచి దారి లేదు. కప్ప సందు నోట్లో ఆగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, ముద్దు పెట్టినంత చిన్న చప్పుడుతో కప్ప మాయమైంది. బరువు తగలగానే లేపాను, తల పైకి వచ్చింది, నాలుగు చుట్లు తెట్టు మీద జారుతూ వచ్చి పక్కకి దూరింది. గట్టిగా గుంజితే కొక్కెం ఊడుతుంది, వదులిస్తే కాడకి చుట్టుకుంటుంది. దారం బిగువు వదలకుండా గట్టు వెంట ఎడమకి పది అడుగులు నడిచాను. కోణం మారితే అది దూరిన దారినే వెనక్కి లాగినట్టవుతుంది. ఈసారి కూడా అలానే కదిలింది, తల మీద బుట్టెడు నాచుతో. గ్లవ్ ఇక్కడే కావాలి: చివరి మీటరు దారాన్ని చేత్తో లాగాల్సి వస్తే బ్రెయిడ్ వేళ్ళు కోసేస్తుంది.

పొడవు 18 అంగుళాలు, నడుము చుట్టుకొలత 13. పొడవుని చుట్టుకొలతతో రెండుసార్లు హెచ్చించి 800తో భాగిస్తే పౌండ్లలో ఉజ్జాయింపు బరువు వస్తుంది, అంటే 3.8 పౌండ్లు. కొలిచేది తడి చేత్తో, తడి గడ్డి మీద. కింది దవడ ఒక్కటే పట్టుకుని అడ్డంగా ఎత్తకూడదు, పొట్ట కింద రెండో చెయ్యి ఉండాలి. ఆ వేడి నీళ్ళలో ఫొటోల కోసం ఆగకుండా వదిలేశాను.

సెప్టెంబర్, అక్టోబర్

నాచు గోధుమ రంగుకి తిరిగి కుళ్ళడం మొదలైంది. కుళ్ళే నాచు ఆక్సిజన్ తినేస్తుంది, అక్కడ చేప నిలవదు. ఇంకా పచ్చగా, గరగరలాడుతూ మిగిలిన గుబురు ఎక్కడుందో వెతుక్కోవడమే పని. కొక్కేనికి పట్టుకొచ్చిన ముక్కని వాసన చూసినా తెలిసిపోతుంది. తెట్టు చీలికల మీద కప్ప అక్టోబర్ మొదట్లో కూడా పనిచేసింది, ఆ తర్వాత మెల్లగా లాగే స్విమ్ జిగ్‌కి (తలకి గుండు ఉన్న కొక్కెం ఎర) మారాను.

ఇంకో చెరువుకి వెళ్ళేముందు వల, బూట్లు, ఎరల మీది నాచు ముక్కలన్నీ దులిపి ఎండబెడుతున్నాను. హైడ్రిల్లా చిన్న ముక్క చాలు, కొత్త నీళ్ళలో వేరూనుకుంటుంది.

ఇప్పుడు నాచు పడిపోయింది కాబట్టి అడుగు కనపడుతోంది. గులక నేల, మొద్దులు, చిన్న గుంటలు ఉన్నచోట్లని గట్టు మీది చెట్లూ రాళ్ళూ గుర్తుగా పెట్టి ఫొటోలు తీస్తున్నాను. ప్రతి ఫొటో కింద రెండే రాస్తున్నాను: ఎక్కడ నిలబడాలి, చేప ఎటు నుంచి బయటికి రావాలి. కలువల పక్క పూర్తయింది, తూము వైపు ఇంకా మిగిలి ఉంది.