నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి

పొద్దున్న ఆరు కాకముందే స్టేటస్‌లు మొదలవుతాయి. తెరిచిన బైబిలు, పక్కన పొగలు కక్కే కాఫీ కప్పు, కింద "ప్రభువుతో ఏకాంత సమయం" అని ఒక మాట. ఏకాంతమైతే మరి ఊరందరికీ ఎలా తెలిసిందమ్మా అని అడగాలనిపిస్తుంది. అడగను. అలాంటి ఫోటో నేనూ పెట్టినవాణ్ణే.

"నీవు ప్రార్థన చేయునప్పుడు, నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి, రహస్యమందున్న నీ తండ్రికి ప్రార్థనచేయుము" (మత్తయి 6:6). ఈ వచనం మీద మనం విన్న ప్రసంగాలు చాలావరకు తలుపు చుట్టూనే తిరుగుతాయి. తలుపు వేయాలి, ఫోన్ పక్కన పెట్టాలి, వేషధారుల్లా ఉండకూడదు. అన్నీ ఒప్పుకుంటాను. నా మనసు మాత్రం కొన్నేళ్లుగా తలుపు దాకా వెళ్లకుండా గది దగ్గరే ఆగిపోతోంది. ప్రభువు చెప్పింది ఏ గది?

గ్రీకులో ఇక్కడున్న మాట టమెయోన్. పడకగది అనో, మేడ మీద గది అనో దానికి మొదటి అర్థం కాదు. గింజలు, నూనె, దాచుకున్న సరుకు పెట్టుకునే లోపలి గది. లూకా 12:24లో కాకులకు "గరిసె లేదు, కొట్టు లేదు" అంటాడే ప్రభువు, ఆ జంటలో ఒక మాట ఇదే. గలిలయలో సామాన్యుడి ఇంట్లో పదిమందీ ఒక్కచోటే తిని, ఒక్కచోటే పడుకునేవాళ్లు. తలుపు వేసుకునే గదంటూ ఉంటే గింటే సరుకులు పెట్టుకునేదే. అంటే ప్రభువు మనల్ని పంపింది కొట్టుగదిలోకి!

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్ల ఇంట్లో వంటింటి పక్కన చీకటిగా ఒక కొట్టుగది ఉండేది. చింతపండు, ఎండుమిరపకాయలు, గోనెసంచులు అన్నీ కలిసిన వాసన. మూలన బియ్యం డబ్బా. సెలవులకు పిల్లలమంతా దిగితే ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. ఆవిడ మాత్రం పొద్దున్నే ఆ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకునేది. లోపల్నుంచి ముందు డబ్బా అడుగున తవ్వ గీకుతున్న చప్పుడు, ఆ తర్వాత ఆవిడ గొంతు వినిపించేవి. "నాయనా, ఈ నెల పెద్దాడు డబ్బు పంపలేదు." అంతే. "మహోన్నతుడా" లేదు, "సర్వాధికారీ" లేదు. గుడిలో ఆవిడ నోరు తెరిచి ప్రార్థన చేయగా నేనెప్పుడూ వినలేదు. చదువు రాని మనిషి అనుకునేవాణ్ణి.

ఇంటికొచ్చిన చుట్టానికి మనం ముందుగది చూపిస్తాం. గోడ మీద వాగ్దానం క్యాలెండర్, సోఫా మీద ఉతికిన గుడ్డ. కొట్టుగదిలోకి ఎవర్నీ రానివ్వం. బియ్యం ఎన్నాళ్లకొస్తాయో, నూనె ఎంత మిగిలిందో తెలిసేది అక్కడే మరి. తండ్రి మాత్రం తిన్నగా అక్కడికే రమ్మంటున్నాడు. ముందుగది ఆయన చూడనిదేం కాదు. మన ప్రార్థనల్లో ఎక్కువ భాగం దాన్ని చూపించడంతోనే సరిపోతోంది.

ఎలీషా దగ్గరకు అప్పులవాళ్ల బాధతో వచ్చిన విధవరాలి సంగతి రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో మీకు తెలిసిందే. ఆ కథంతా కొట్టుగది కథే. నీ ఇంట్లో ఏముందని ప్రవక్త అడిగాడు. ఒక్క నూనెకుండ తప్ప ఏమీ లేదంది. ఆమె ప్రార్థన అక్కడే మొదలైందని నేననుకుంటాను. ఇల్లంతా లెక్కపెట్టి ఉన్నదీ లేనిదీ దాచకుండా చెప్పింది. తర్వాత ఇరుగుపొరుగు దగ్గర వట్టిపాత్రలు తెచ్చుకుని, పిల్లలతో లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పాత్రలిచ్చినవాళ్లు నూనె పొర్లడం చూడలేదు. ప్రవక్త కూడా ఆ గదిలో లేడు! ఆమే బయటికొచ్చి ఆయనకు చెప్పుకుంది. అయ్యగారికి ఫోన్ చేసి "మీరు ప్రార్థన చేస్తే చాలు" అని పెట్టేసే మనం ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివామో!

డిసెంబర్ 31 రాత్రి కూడికలో వాగ్దానం కార్డు తీసుకునేటప్పుడు చూడండి. సిలువ మోయడం గురించిన వచనమొస్తే ముఖం ముడుచుకుని, పక్కవాళ్ల కార్డు మంచిదైతే మార్చుకునేవాళ్లను చూశాను. ఆయన ఏం చెబుతాడో వినే ఓపిక లేదు గానీ సంబంధం మాత్రం దగ్గరది కావాలి. కన్నతండ్రితో ఇలాగే మాట్లాడితే ఆయన ఎన్నాళ్లు ఊరుకుంటాడు?

ఇప్పుడు నా సంగతి. సంఘంలో నాకు "బాగా ప్రార్థన చేస్తాడు" అనే పేరుంది. గృహప్రవేశమైనా, పుట్టినరోజైనా మైకు నా చేతికే వస్తుంది. ఒకసారి ఒక ఇంటి కూడికలో 133వ కీర్తన ఎత్తుకుని, సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు, ఎంత మనోహరము అని పావుగంట ప్రార్థన చేశాను. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు కూడా. అప్పటికి నేనూ నా తమ్ముడూ మాట్లాడుకుని రెండేళ్లు. ఇంటి స్థలం గొడవ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి, లైటు వేయకుండా గ్యాస్ సిలిండర్‌కీ బియ్యం డ్రమ్ముకీ మధ్య కూర్చుండిపోయాను. మా అపార్ట్‌మెంట్‌లో కొట్టుగదంటే ఆ మూలే. ప్రార్థన చేద్దామని నోరు తెరిస్తే, "ప్రేమగల పరలోకపు తండ్రీ" దగ్గరే గొంతు ఆగింది. ఎన్నో ఏళ్లుగా గడగడా వచ్చే మాటల్లో ఒక్కటీ రాలేదు. చాలాసేపటికి వచ్చింది ఇది: "వాడంటే నాకు మంటగా ఉంది తండ్రీ. క్షమించాలని కూడా లేదు." ఆమేన్ అనాలో వద్దో తెలియలేదు. అడుగు గీకిన చప్పుడు నా లోపల్నుంచి విన్నట్టయింది. ఆయన నా దగ్గరున్నాడని నిజంగా తెలిసిన రాత్రుల్లో అదొకటి. తమ్ముడికి ఫోన్ చేయడానికి మాత్రం ఇంకో మూడు నెలలు పట్టింది. మొదటిసారి వాడు ఎత్తలేదు.

మా వైపు బాప్తిస్టులం 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి గొప్పగా చెప్పుకుంటాం. అది 1876-78 నాటి ధాత కరువులో ఇళ్లలో గరిసెలు అడుగంటిపోయిన తర్వాతి సంగతి. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ, గింజల కోసం వచ్చారనే మాట రాకుండా అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. దానికి చాలా ముందు, 1854 జనవరి 1న ఇంకా తెల్లవారకుండానే ఒంగోలు కొండ ఎక్కి మోకరించింది ఆయనకంటే ముందొచ్చిన మిషనరీ జ్యూయెట్ దొరగారితో కలిపి ఐదుగురే. అప్పటికి అక్కడ చూపించుకోవడానికి ఏమీ లేదు. అమెరికాలో ఈ తెలుగు మిషను మూసేద్దామా అనే చర్చ కూడా అయింది.

కాబట్టి అన్నా, అక్కా, రేపు పొద్దున ఫోన్ బయట పెట్టి వెళ్లండి. బైబిలు తీసుకెళ్లండి, రంగు పెన్నులు అక్కర్లేదు. మొదటి రెండు నిమిషాలు ఏమీ అడగొద్దు. ఏం అయిపోయిందో చెప్పండి. ఓపిక అయిపోయిందా? భర్త మీద గౌరవం అయిపోయిందా? వాక్యం మీద ఆశే అయిపోయిందా? సరుకుల చీటీ రాసినట్టు వరసగా చెప్పండి. నోట మాట రాకపోతే గదిలో కూర్చుని ఊరుకోండి. "రహస్యమందు చూచు నీ తండ్రి" అన్నాడు ప్రభువు. చూస్తాడట.

ఒకరోజు అమ్మమ్మ గది బయట చెవి పెట్టి నిలబడి దొరికిపోయాను. తవ్వలో సగం కూడా లేని బియ్యం చేటలో పోసుకుని, పైటకొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. "అడ్డం లేవరా అబ్బాయ్, అవతల ఎసరు మరిగిపోతోంది" అంది.