శుక్రవారం మ్యూజియానికి సెలవు

మా చిన్ననాటి స్నేహితురాలు ఇన్నాళ్లూ హైదరాబాద్ మొహమే చూడలేదు. కోనసీమ కొత్తపేటలో దానికి టైలరింగ్ షాపు. ఎప్పుడు రమ్మన్నా "ఈ ముహూర్తాలు అవ్వనీవే" అనేది. మొన్న ఆషాఢంలో పెళ్లిళ్లు లేక మూడు రోజులు తీరిక దొరికితే రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసింది.

నేనేమో వారం ముందే కాగితం మీద గంటగంటకీ ప్లాన్ రాసిపెట్టుకున్నాను. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్. శనివారం గోల్కొండ, ట్యాంక్‌బండ్. ఆదివారం శిల్పారామం, సాయంత్రం రైలు. మా ఆయన చూసి "ఇది టూరా, పరీక్షల టైంటేబులా?" అన్నారు.

హబ్సిగూడలో మెట్రో ఎక్కబోతే అది ఎస్కలేటర్ దగ్గరే ఆగిపోయింది. కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని, కదిలే మెట్టు వంక చూస్తూ కాలు పెట్టబోవడం, వెనక్కి తీసుకోవడం. చివరికి ఎవరో కాలేజీ అమ్మాయి చెయ్యిచ్చి ఎక్కించింది. పరేడ్ గ్రౌండ్‌లో దిగి, గ్రీన్ లైన్‌లోకి మారి, ఎంజీబీఎస్ స్టేషన్ నుంచి ఆటోలో మ్యూజియానికి వెళ్తే గేటు మూసి ఉంది. శుక్రవారం సెలవు! పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, గొప్పగా ప్లాన్ రాశాను, ఇది మాత్రం చూసుకోలేదు. అదేమో నవ్వేసి "శుక్రవారం సెలవంటే ఎంత బాగుందే, మా షాపుకీ పెట్టేస్తా" అంది.

సరే, చార్మినార్‌కి పోయాం. మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు జనం, అడుగు తీసి అడుగు వేయలేం. ఓ పక్కన ఇరానీ చాయ్ తాగుతూ నిలబడ్డాం. పాలు వేరుగా, డికాషన్ వేరుగా కాచి కప్పులో కలుపుతుంటే దానికి విడ్డూరం. 1591లో కట్టారు, ఎన్ని వందల ఏళ్లయిందో చూడు అని నేను చెబుతూనే ఉన్నాను, అది లాడ్‌బజార్‌లో లేసుల కొట్టు వైపు నడిచిపోయింది. హిందీ ఒక్క ముక్క రాదు. బంగారు రంగు లేసుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, తిరగేసి వెనక దారం చూసి, తల అడ్డంగా ఊపింది. కొట్టతను కిక్కురుమనకుండా లోపల్నించి ఇంకో కట్ట తెచ్చాడు. రెండు గంటలు పట్టింది. నాకు టెన్షన్, దానికి పండగ.

శనివారం గోల్కొండ ఎగ్గొట్టి మళ్లీ మ్యూజియానికే వెళ్లాం. పన్నెండింటికి గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొడుతుందని జనమంతా అటు పోతుంటే, ఇది మేలిముసుగు రెబెక్కా దగ్గర పాతుకుపోయింది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. ముసుగూ రాయే, కింద మొహమూ రాయే, అయినా పల్చటి గుడ్డలోంచి ముక్కూ పెదవులూ కనిపిస్తున్నట్టే ఉంటుంది. నేను ఎన్నోసార్లు చూసి "అబ్బ" అని ముందుకెళ్లిపోయినదాన్నే. ఇది ఆ పక్కకీ ఈ పక్కకీ తిరిగి, "గుడ్డ ఎటు లాగితే మడత అటే పడింది చూడు, ఆయనకి కుట్టు పని వచ్చుంటుంది" అంది. గడియారం చూడనేలేదు.

ఆదివారం శిల్పారామం కూడా లేదు. జనరల్ బజార్‌లో లైనింగ్ గుడ్డలు కొనుక్కుని రైలెక్కింది.

వారం తర్వాత ఓ జాకెట్టు చేతుల ఫొటో పంపింది. ఆ మడతలు షిఫాన్‌లో పెడదామని చూసిందట. "నిలబడట్లేదే, జారిపోతోంది. ఆయనకేం, రాయి!" అని మెసేజ్.