58 పెట్టెలు

ఆదివారం. రాత్రి పదకొండు కావస్తోంది. వాన ఆగింది గానీ సన్‌షేడ్ నుంచి ఇంకా కారుతూనే ఉంది.

పొద్దున చేపలకని బయల్దేరాను. మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద మామూలే, నీళ్లు నిలిచాయి. ముందు దిగిన ఆటో సరిగ్గా మధ్యలో మొరాయించింది. వెనక మేమంతా బండ్లు ఆపుకుని నిలబడ్డాం. అప్పుడు పైన గూడ్సు వచ్చింది. నేను అనుకోకుండానే లోపల లెక్క మొదలైపోయింది. 58 పెట్టెలు, చివర గార్డు డబ్బా. జేబులోంచి ఫోన్ తీసి, ఆయన పేరు నొక్కి, 58 అని కొట్టేశాను. పంపబోతుంటే పైన నిన్న రాత్రి వాళ్లమ్మాయి పెట్టిన మెసేజీ కనపడింది.

"నాన్న పోయి పదకొండు రోజులైంది అంకుల్. గుండెపోటు. మీరెవరో మాకు సరిగ్గా తెలీదు. అందుకే లేటుగా చెప్తున్నా."

తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ పిల్ల భిలాయిలో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.

58 చెరిపేశాను. వెనకాల ఎవరో హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

ఆయన మాకు ఏ వరసా కాడు. పదకొండేళ్ల కిందట ఒక మెయిల్ వచ్చింది. తెలిసినవాళ్లెవరి దగ్గరో నా ఐడీ తీసుకున్నాడట. "మీది నెల్లూరని చెప్పారు. ఎప్పుడన్నా బిట్రగుంట వైపు వెళ్తే, పాత లోకో షెడ్డు దగ్గర చింతచెట్టు ఉందేమో చూసి చెప్పగలరా? తొందరేం లేదు." అంతే, ఇంకేమీ లేదు. ముక్కూమొహం తెలీనివాడికి ఇదేం కోరిక అనుకున్నాను.

వాళ్ల నాన్న ఆ షెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు వేసే పని. బొగ్గింజన్ల రోజుల్లో బిట్రగుంట అంటే మాటలు కాదు. విజయవాడ, మద్రాసు మధ్య తిరిగే ఇంజన్లు అక్కడ బొగ్గు నింపుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి, బాగోగులు చూపించుకోవాలి. రైల్వే వాళ్లతోనే ఊరు ఊరయింది. 1980 నాటికి ఆ దారంతా కరెంటు తీగలు పడ్డాయి. కరెంటింజనుకి బొగ్గుతో పనేముంది? ఒక్కో క్వార్టరూ ఖాళీ అయింది. వాళ్ల నాన్నకి బదిలీ అయ్యేనాటికి ఈయనకి పన్నెండేళ్లు. ఆ తర్వాత చదువూ, స్టీలు ప్లాంటులో ఉద్యోగం, పెళ్లీ అన్నీ అటే. మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టలేదు.

నాకైతే బిట్రగుంట కిటికీలోంచి చూసిన ఊరే. పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్, ఆ తర్వాత అది. ఒక ఆదివారం ఏమీ తోచక ప్యాసింజరెక్కి వెళ్లాను. గుండ్రంగా తిప్పి కట్టిన షెడ్డు, పాడుబడిన గోడలు, లోపల సర్కారు తుమ్మ. చింతచెట్టు కనపడలేదు. ఉత్త చేతుల్తో ఎందుకు రావాలని పక్కనే ఉన్న వేపచెట్టు ఫోటో తీసి పంపాను.

"ఇది కాదు," అని జవాబు. కింద ఇంకో లైను. "అయినా పర్లేదు. దీన్ని కూడా చూసే ఉంటా."

ఆ రెండో లైనుకే నేను పడిపోయాననుకుంటా.

చిన్నప్పుడు అక్కడి పిలకాయలు గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవాళ్లట. లెక్క తప్పినవాడు జామకాయ ఇచ్చుకోవాలి. ఆ ఆట మేమిద్దరం మళ్లీ మొదలెట్టాం, ఆయన అక్కడ, నేనిక్కడ. నేను 57 అని పంపితే, "ఒకటి మింగావు తమ్ముడూ, జామకాయ బాకీ" అనేవాడు. ఇక్కడి బండి అక్కడ కూర్చుని ఎట్టా తెలుస్తుందన్నా అంటే నవ్వే బొమ్మ పెట్టేవాడు. బాకీ ఒక బుట్టెడు అయ్యుంటుంది.

చూసింది ఒక్కసారే. కంటి ఆపరేషన్‌కి చెన్నై వెళ్తూ, తెల్లవారుజామున నాలుగున్నరకి నెల్లూరు వస్తుందని చెప్పాడు. మలై కాజా ప్యాకెట్టు పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. బండి ఆగేది రెండు నిమిషాలు. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని పొట్టిగా, మంకీ క్యాప్‌తో ఒకాయన. నేను పొడుగ్గా ఊహించుకున్నాను ఎందుకో. బాగున్నావా అని కూడా అనలేదు. "కనపళ్లేదు తమ్ముడూ," అన్నాడు. "కావలి కాడ్నుంచీ తలుపు దగ్గరే నిలబడ్డా. ఈ బండి బిట్రగుంటలో ఆగదు గదా. ఒకటే చీకటి." కళ్లు సరిగ్గా కనపడకనో, చీకటివల్లో నేనడగలేదు. ప్యాకెట్టు చేతిలో పెట్టేసరికి బండి కదిలింది.

ఇంటికొచ్చి సంచీ ఇస్తూ చెప్పాను. మా ఆవిడ సంచీ పట్టుకునే నిలబడిపోయింది. "బొచ్చె చేపలు కడిగేదా, ఫ్రిజ్‌లో పెట్టేదా?" అంది.

మంచి ప్రశ్నే. మొహం గుర్తులేని దాయాది ఒకాయన పోతే కబురందగానే తలమీద నీళ్లు పోసుకుని, మూడు రోజులు మైల పట్టాను. ఏడుపు రాలేదు, మైల మాత్రం లోటు లేకుండా పట్టాను. ఈయనకి ఏం పట్టాలి? ఎవరు చెప్తారు? పంతుల్ని అడిగితే "మీకేమవుతాడు?" అంటాడు. వండెయ్యమన్నాను. తిన్నాను కూడా, రెండు ముక్కలు. "మీ వాళ్లు పులుసు వండిన రోజు ముట్టరట గదా, మర్నాడే తింటారట" అని ఒకసారి రాశాడు. అది బయటోళ్లకి చెప్పే మాటన్నా, మేం రెండు రోజులూ తింటాం అని రాశాను. తినేటప్పుడు అది గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని, వేళగాని వేళ తలస్నానం చేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు, తువ్వాలు తెచ్చి గడియకి తగిలించి పోయింది.

సాయంత్రం ఆ పిల్ల మళ్లీ రాసింది. "నాన్న ఫోన్‌లో మీ పేరు బిట్రగుంట అని ఉంది. మీది ఆ ఊరేనా?"

పదకొండేళ్లుగా నా పేరు అదన్నమాట. కాదమ్మా అని కొట్టి, చెరిపేసి, "ఆ పక్కేనమ్మా" అని పంపాను.

"నాన్న మీకు చాలా రాశారు. నాకు చదవడం రాదు. మీరు చదివి వాయిస్ పెడతారా?"

మొదటి మెయిల్‌తో మొదలుపెట్టాను. పట్టుమని ఐదు లైన్లు లేవు, మూడుసార్లు రికార్డు చెయ్యాల్సొచ్చింది. మొదటిసారి కుక్కర్ కూసింది. రెండోసారి "తొందరేం లేదు" దగ్గర నేనే ఆగిపోయాను. మూడోది పంపాను.

ఇప్పుడే జవాబొచ్చింది. "చెట్టు దొరికిందా అంకుల్?"

ఆ వేపచెట్టు ఫోటో పాత ఫోన్‌లో ఉంది. దాని చార్జర్ ఏ డ్రాయర్‌లో పెట్టానో, అర్ధగంట నుంచీ వెతుకుతున్నాను.