పాత కారు తలుపు హింజ్ పట్టేసింది: విడిపించే పని ఇప్పటిదాకా

కుడి తలుపు కింది హింజ్ (తలుపును కారుకు కలిపే కీలు) పూర్తిగా పట్టేసింది. పైది బిగుతుగానే ఉన్నా తిరుగుతోంది. ఇంత జరిగినా తలుపు తెరుచుకుంటూనే ఉంది, భయపడాల్సింది దానికే. హింజ్ మధ్యలో ఉండే పిన్ను తిరగకుండా తలుపు తెరుచుకుంటోందంటే ఇంకేదో వంగుతోందన్నమాట. కింది హింజ్ పక్కన పిల్లర్ (తలుపు వేలాడే నిలువు స్తంభం) రేకు మీద వేలు ఆనించి, తలుపును మెల్లగా కదపమని తమ్ముడికి చెప్పాను. వేలి కింద రేకు లోపలికీ బయటికీ ఆడింది. హింజ్ రెక్క మూల నుంచి పెయింటులో వెంట్రుక మందాన ఒక పగులు కిందికి దిగి ఉంది. టార్చి పక్కకు వాల్చి పట్టుకుంటే తప్ప అది కనపడదు.

హింజ్ మందపాటి ఉక్కు ముక్క. పిల్లర్ రేకు మిల్లీమీటరుకు అటూ ఇటూ. తలుపు అంచు పట్టుకుని లాగినప్పుడు తలుపే మీటరు పొడవు మీటగా పనిచేస్తుంది. 15 కిలోల బలంతో లాగినా చాలు, హింజ్ దగ్గర సుమారు 150 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పడుతుంది. కారు చక్రాల నట్లను మామూలుగా అంతకంటే తక్కువకే బిగిస్తాం. ఆ భారమంతా పల్చటి రేకు మీద, లోపల హింజ్ స్క్రూలు బిగిసే నట్ ప్లేట్ మీద పడుతుంది. అందుకే ఈ పని మొత్తానికి ఒకటే నియమం పెట్టుకున్నాను: బలం ఏదైనా పిన్ను మీదే పడాలి, పిల్లర్ మీద పడకూడదు. హింజ్ వదిలేదాకా ఈ తలుపులోంచి ఎక్కొద్దు, దిగొద్దు అని ఇంట్లో అందరికీ చెప్పేశాను.

పట్టేయడానికి కారణం పిన్ను నెత్తి మీదే దొరికింది. ఈ కారు కాలం నాటి హింజ్‌లలో చాలావాటికి పైన నూనె చుక్క వేయడానికి చిన్న రంధ్రం ఉంటుంది. ఎప్పుడో కారుకు మళ్లీ పెయింటు వేసినప్పుడు ఆ రంధ్రం మూసుకుపోయింది. అప్పట్నుంచి నూనె లోపలికి పోయే దారి లేదు, నీటికి మాత్రం సందుల్లోంచి ఉంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. పిన్నుకూ అది కూర్చునే గొట్టానికీ మధ్య ఉండే ఖాళీ వెంట్రుకంత కూడా ఉండదు కాబట్టి, ఆ తుప్పు లోపలే కూరుకుని గట్టి పొరగా మారుతుంది. సన్నటి డ్రిల్ బిట్‌ను మెషీన్‌కు పెట్టకుండా వేళ్లతోనే తిప్పుతూ రంధ్రంలోని పెయింటు తీశాను. దాని కింద పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది, అదీ పొడిపొడిగా బయటికొచ్చింది.

ఇక నూనె. డబ్ల్యూడీ-40 ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. 1953లో అది తయారైంది నీటిని తరిమి, తుప్పు రాకుండా చూడటానికి. పేరులోని రెండు అక్షరాలు నీటిని తొలగించడాన్ని, 40 అనే అంకె నలభయ్యో ఫార్ములాను సూచిస్తాయి. తడి తీయడానికి, తేలికగా పట్టినవాటికి అది బాగానే పనికొస్తుంది. ఏళ్ల తరబడి పట్టేసిన పిన్నుకు మాత్రం ఇలాంటి పనికోసమే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ వాడటమే నాకు ఇష్టం. ఎసిటోన్, గేర్‌బాక్స్ నూనె సగం సగం కలిపి వాడే పద్ధతి ఉంది కానీ తలుపు కారుకు ఉండగా నేను దాని జోలికి పోను. ఎసిటోన్ పెయింటును తినేస్తుంది, దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఏ నూనె అన్నదానికంటే అది ఎంతసేపు అక్కడ నిలిచింది అన్నదే ముఖ్యం. స్ప్రే చేస్తే ముప్పాతిక వంతు కిందికి కారిపోతుంది. అందుకని పిన్ను నెత్తి చుట్టూ మెత్తటి పుట్టీతో చిన్న గట్టు కట్టి, అందులో నూనె నింపి వదిలేశాను. పొద్దునా సాయంత్రం తగ్గినంత మేర మళ్లీ నింపుతూ వచ్చాను. నింపిన ప్రతిసారీ ఇత్తడి డ్రిఫ్ట్‌ను (దెబ్బను అందించే కడ్డీని) పిన్ను తల మీద పెట్టి చిన్న సుత్తితో టకటకా తట్టేవాణ్ని. గట్టి దెబ్బలు కావు, ఎక్కువ దెబ్బలు. ఆ అదురుకు తుప్పు పొర చిట్లుతుంది, చిట్లిన సందుల్లోకి నూనె దిగుతుంది. తట్టేటప్పుడు హింజ్ కింద బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, లేకపోతే ఆ దెబ్బ కూడా పోయి పిల్లర్ మీదే పడుతుంది.

కొన్నాళ్లకు కదలిక మొదలైంది. రేకు ఆడకుండా పిన్ను దగ్గరే తిరుగుతోందని వేలితోనే తెలిసింది. తలుపును వేలెడు దూరం కదిపి, మళ్లీ వెనక్కి తెచ్చి, నూనె వేసి, తెల్ల గుడ్డతో తుడిచి చూశాను. గుడ్డ మీద ముక్కుపొడిలాంటి ముదురు గోధుమ రంగు పొడి, నూనెలో తడిసి ముద్దయి వచ్చింది. ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. నూనె లోపలికి వెళ్లినంత మాత్రాన పని అయినట్టు కాదు, తుప్పు బయటికి రావాలి. రాకపోతే ఆ పొడే నూనెతో కలిసి రాపిడి పేస్టులా మారి పిన్నునూ గొట్టాన్నీ అరగదీస్తుంది. తలుపు తిరిగింది కదా అని అక్కడితో ఆపేస్తే మళ్లీ పట్టేస్తుంది. నాకు అదే కనపడింది: సాయంత్రం కాస్త వదులైన హింజ్ మర్నాటికల్లా మళ్లీ బిగుసుకుంటోంది, గుడ్డ మీద రంగు పల్చబడటం లేదు. లోపల సరుకు చాలానే ఉంది. తలుపు దించి, హింజ్‌ను బయటికి తీసి, పిన్ను కొట్టడమే దారి అని తేల్చుకున్నాను.

దించే ముందు హింజ్ రెక్కల చుట్టూ సన్నటి సూదితో గీత గీసుకుని, ఫొటోలు తీసుకున్నాను. తలుపు మళ్లీ పెట్టేటప్పుడు సందులు సరిచేయడానికి ఈ గీతలే ఆధారం. తలుపును ఆపే పట్టీని ముందే విప్పేశాను. తలుపు కింద జాకీ, దాని మీద చెక్క, చెక్క మీద దుప్పటి మడత. అద్దం, లోపలి సామగ్రితో కలిపి తలుపు బరువుగానే ఉంటుంది, ఒక్కరే దించే పని పెట్టుకోవద్దు. కింది హింజ్ స్క్రూలు ముందు, పైవి ఆఖరున. జాకీ జారినా తలుపు పై హింజ్‌కు వేలాడుతూ ఉంటుంది.

అసలు కుస్తీ స్క్రూలతోనే. పిల్లర్ వైపు ఉన్నవి లోతుగా కూర్చునే పెద్ద స్టార్ తల స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్‌కు అవి లొంగవు, గాట్లు చెరిగిపోతాయి. ముందు గాట్లలోని పెయింటును సూదితో పూర్తిగా గీకేశాను. ఆ తర్వాత పెద్ద సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలలో గుచ్చి అది బాగా వేడెక్కేదాకా ఉంచాను. పిల్లర్ లోపల వైరింగ్ పోతుంటుంది, మోత తగ్గించడానికి పూసిన తారు పూత ఉంటుంది, కాబట్టి అక్కడ మంట పెట్టడం కుదరదు. సోల్డరింగ్ ఐరన్ వేడి చాలావరకు స్క్రూలోనే ఉంటుంది. ఆ తర్వాత, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ పట్టుకున్నాను. బిట్ మొనకు కాస్త వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాస్తే గాట్లలో జారకుండా పట్టుకుంటుంది. మొదటి దెబ్బ బిగించే వైపు, రెండోది విప్పే వైపు. చాలావరకు ఇలాగే వచ్చాయి.

ఒకటి మాత్రం మొండికేసింది. దాని తలను డ్రిల్‌తో తీసేశాను. మధ్యలో పంచ్ గుర్తు పెట్టి, ముందు 5 మి.మీ. బిట్‌తో దారి చేసి, ఆ తర్వాత స్క్రూ ఒంటి మందానికి కొంచెం పెద్ద బిట్ పెట్టాను. తల ఊడి బిట్‌కే చుట్టుకుంది. తల పోతే స్క్రూ మీద బిగువు కూడా పోతుంది. హింజ్ తీసేశాక మిగిలిన మొండెం పిల్లర్ నుంచి బయటికి ఉంది, దాన్ని లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే కష్టపడకుండా వచ్చేసింది. లోపలికి దూర్చి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ పెట్టాలనిపిస్తుంది ఇలాంటప్పుడు. కానీ అది గట్టి ఉక్కు, విరిగి లోపల ఉండిపోతే మామూలు డ్రిల్‌కు తెగదు. తల తీసే దారి ఉన్నప్పుడు దాని అవసరం రాదు.

నా హింజ్‌కు రెండు రెక్కలూ స్క్రూలతోనే ఉన్నాయి కాబట్టి మొత్తం చేతికొచ్చింది. కొన్ని కార్లలో తలుపు వైపు రెక్క వెల్డింగ్ చేసి ఉంటుంది, వాటిలో తలుపును బల్ల మీద పడుకోబెట్టి ఇదే పని చేయాలి.

బల్ల మీదికి వచ్చాక మంట వాడొచ్చు. ముందు నూనె అంతా తుడిచి, ఆరనిచ్చి, పాత పెయింటు గీకేశాను. ఆ కాలపు పెయింట్లలో సీసం ఉండొచ్చు, తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి. క్లోరిన్ ఉండే బ్రేక్ క్లీనర్‌తో కడిగిన ముక్కను ఎట్టి పరిస్థితుల్లోనూ వేడి చేయొద్దు. అది కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు, కొంచెం పీల్చినా ప్రాణం మీదికొస్తుంది.

గ్యాస్ టార్చి మంటను పిన్ను మీద కాకుండా గొట్టం చుట్టూ తిప్పాను. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరులో 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 8 మి.మీ. రంధ్రాన్ని 200 డిగ్రీలు వేడెక్కిస్తే అది పెరిగేది మిల్లీమీటరులో యాభయ్యో వంతు. వినడానికి ఏమీ లేనట్టుంటుంది కానీ తుప్పు పట్టును తెంచడానికి అది సరిపోతుంది, లోపలి పిన్ను ఇంకా చల్లగా ఉండగానే అందుకోవాలి అంతే. ఒకచోట ఎమరీతో మెరిసేలా రుద్ది ఉంచి, ఆ మచ్చ లేత గడ్డి రంగులోకి రాగానే మంట తీసేశాను. అది 220 డిగ్రీల ప్రాంతం. ఎర్రగా కాల్చాల్సిన పనే లేదు. వేడి మీద ఉండగానే కొవ్వొత్తి ముక్కను కీలు సందుకు ఆనించాను. మైనం కరిగి సందులోకి పీల్చుకుపోయింది. చల్లారేదాకా ఆగాను. నీళ్లు పోసి చల్లార్చకూడదు, పోత ఇనుప హింజ్ అయితే అక్కడే పగులుతుంది.

ఇంకోసారి వేడి చేసి, ఒక రెక్కను వైస్‌లో బిగించి, ఇంకో రెక్కకు పెద్ద సర్దుబాటు స్పానర్ తగిలించాను. బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం. టక్ మని ఒక చప్పుడు, చేతికి చిన్న జారుడు. తర్వాత రెక్క ప్రతిసారీ ఇంకాస్త దూరం తిరుగుతూ వచ్చింది. ఈ పని మొత్తంలో నాకు బాగా ఇష్టమైన క్షణం అదే. సందుల్లోంచి నల్లటి మైనంలో కలిసి తుప్పు పెళ్లలు రాలాయి.

పిన్ను కొట్టేముందు అది ఏ వైపు నుంచి వెళ్లిందో చూడాలి. దాని ఒక చివర గరుకు గాట్లుంటాయి, అవే దాన్ని ఒక రెక్కలో గట్టిగా పట్టి ఉంచుతాయి. రెండో చివర నుంచి కొట్టాలి, అప్పుడు గాట్లున్న భాగం తక్కువ దూరంలోనే బయటపడుతుంది. గొట్టం కింద పిన్ను దూరేంత బోలుగా ఉన్న సాకెట్ పెట్టి, ముందు పొట్టి మందపాటి పంచ్‌తో కొట్టి కదిలించాను, కదిలాకే పొడుగు పంచ్ తీసుకున్నాను. మొదటే సన్నది పెడితే అది వంగుతుంది, పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఇక రంధ్రంలోంచి దూరదు.

బయటికి వచ్చిన పిన్నును మైక్రోమీటరుతో కొలిచాను. గాట్ల దగ్గర 8 మి.మీ. ఉంది, తిరిగే చోట ఒక పక్క 7.6కు అరిగిపోయింది. గొట్టం రంధ్రం కూడా కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. అందుకని పాత పిన్ను మళ్లీ వేయడం లేదు. రంధ్రాన్ని కొలతకు సాపు చేసే రీమర్‌తో 8.5కు గుండ్రంగా తీశాను, ఆ కొలతకు గ్రైండ్ చేసిన ఉక్కు కడ్డీ ముక్కను పిన్నుగా కోశాను. రంధ్రంలో కూర్చునే పల్చటి కంచు గొట్టం, అంటే బుష్ వేయొచ్చా అని ఆలోచించాను కానీ గొట్టం గోడ మందం చూస్తే దానికి చోటు లేదు. కొత్త పిన్నుకు నూనె రంధ్రం, పక్కన సన్నటి గాడి పెట్టాను. చుక్క వేస్తే గాడి వెంట కింది చివరిదాకా దిగుతోంది. గ్రీజు రాసి కూర్చోబెడితే రెక్క తన బరువుకే వాలుతోంది, పక్కకు ఊపితే మాత్రం ఆడటం లేదు.

పై హింజ్‌కు కూడా ఇదే వైద్యం చేస్తాను. తిరుగుతోంది కదా అని వదిలేస్తే కింది కొత్త పిన్ను మీద భారం పెరుగుతుంది. దానికంటే ముందు పిల్లర్ పగులు ఉంది. పగులు చివర 3 మి.మీ. రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపాను, వైరింగ్ పక్కకు జరిపాక వెల్డింగ్ చేయించాలి. లోపలి నట్ ప్లేట్ మరలను, మరలు కోసే ట్యాప్‌తో శుభ్రం చేశాను, అవి బాగానే ఉన్నాయి. తలుపు తిరిగి ఎక్కించేటప్పుడు రబ్బరు అంచు, గొళ్లెం పట్టే స్ట్రైకర్ రెండూ తీసేసి, ముందు సందులు కుదిరాకే వాటిని బిగిస్తాను. అవి ఉంటే తలుపు వాటి మీద వాలి సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.