అర మార్కు పందెం

మా బావమరిది తెనాలివాడు. ఏటా దసరా సెలవులకు కడపలోని మా ఇంటికి వస్తాడు. రైలు దిగి, సంచీ నా చేతికిచ్చి, కుశలప్రశ్నలైనా కాకముందే అతడు అడిగే మాట ఒకటి ఉన్నది: "బావగారూ, ఈ ఏడు మీ ఊళ్లో సుమోలు ఎన్ని గాలిలోకి లేచాయి?" నాకు పెళ్లయి పన్నెండేళ్లు కావస్తున్నది కనుక ఈ హాస్యోక్తిని ఇంచుమించు అన్నిసార్లు విన్నాను. మొదటిసారి కొత్త అల్లుణ్ని కాబట్టి నవ్వాను. మరుసటి ఏడు మా ఆవిడ పక్కన నిలబడి చూస్తున్నది కాబట్టి నవ్వాను. మూడవ ఏటి నుంచి జవాబు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

తప్పంతా అతడిదే అనలేము. 1999లో 'సమరసింహారెడ్డి' ఘనవిజయం సాధించిన తరువాత కొన్నేళ్లపాటు తెలుగు తెరమీద మా సీమ అంటే వేటకొడవళ్లు, తెల్లచొక్కాలు, పేలే బాంబులు, పల్టీకొట్టే బండ్లు తప్ప మరొకటి కనిపించడమే అరుదైపోయింది. వాస్తవానికి అప్పట్లో మా వీధి మొత్తానికీ ఉన్న సుమో ఒక్కటే. అది పెండ్లిండ్లకు బాడుగకు తిరిగేది. తెల్లవారి నలుగురం కలిసి తోస్తే తప్ప నేలమీదనే కదిలేది కాదు, ఇక గాలిలోకి లేవడం ఎక్కడిది?

ఒక దసరాకు అతడు కొండారెడ్డి బురుజు చూపించమని పట్టుబట్టాడు. 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమాను అతడు లెక్కలేనన్నిసార్లు చూశాడు. ఆ బురుజు కర్నూలులో ఉన్నదనీ, కడప నుంచి అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరమనీ చెబితే, సీమంతా ఒకే వీధిలో ఉంటుందని నమ్మిన మనిషిలాగా నావైపు అనుమానంగా చూశాడు. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో ఊగి ఊగి కర్నూలు చేరి, విజయనగర రాజుల కాలంనాటి కోటలో మిగిలిన ఆ బురుజు ముందు నిలబడి, కథానాయకుడిలాగా మెడ వారగా తిప్పి, కనుబొమ ఒకటి పైకెత్తి ఫొటోకు సిద్ధమయ్యాడు. నేను ఫోనులో వెలుతురు సరిచూసుకొనేలోగా పక్కన బొరుగులు అమ్ముకొంటున్న పెద్దావిడ జాలిగా, "ఏం నాయనా, మెడ పట్టేసిందా? వేన్నీళ్ల కాపడం పెట్టుకోపో" అన్నది. ఆ ఫొటోలో అతడి ముఖం నేటికీ చూడదగినది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను బ్యాంకులో గుమాస్తాను, హాస్యానికి బానిసను. రాత్రి రాగిసంగటి ముద్ద ముందు కూర్చున్నప్పుడు ఫోనులో పాత హాస్యసన్నివేశం ఒకటి నడవకపోతే నాకు ముద్ద దిగదు. ఒకనాడు నడిచినందువల్లే దిగలేదు. పొలమారి, కండ్లలో నీళ్లు తిరిగి, మా ఆవిడ నెత్తిమీద తట్టవలసి వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక నియమం ఏర్పడింది: సంగటికి కన్నీటి సినిమాలు, మజ్జిగన్నానికి మాత్రమే హాస్యం.

సినిమాహాలులో ఇటువంటి నియమాలేవీ ఉండవు. అందుకే నాకు సినిమా కంటే హాలు ఎక్కువ ఇష్టం. అప్సర సర్కిల్ ప్రాంతంలో రెండవ ఆటకు వెళ్తే తెరమీది హాస్యానికి తోడు వెనుక వరుసల హాస్యం ఉచితంగా దొరుకుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక సినిమాలో (పేరు ఎందుకులెండి) కడప పెద్దమనిషి వేషం వేసిన నటుడు, సీమ యాస అంటే మాట చివర 'అప్పా' తగిలించడమేనని ఎవరో చెప్పగా నమ్మినట్టున్నాడు. శత్రువుతోనూ అప్పా, పాలేరుతోనూ అప్పా. అంతవరకు ఓర్చుకొన్నాము. చివరకు కన్నతల్లి పాదాలు పట్టుకొని, "నీ కన్నీళ్లకు బదులు తీర్చుకుంటానప్పా!" అని గర్జించాడు. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. వెనుక నుంచి ఎవరో తీరికగా, "అమ్మను పట్టుకోని అప్పా అంటాండాడేందిరా వీడు!" అన్నారు. ఆ తరువాత సినిమా ఎవరూ చూడలేదు. పిల్లలు అప్పాలు లెక్కపెట్టసాగారు. "పదునాలుగు!" అని ఒక మూల నుంచి, "పదహైదు!" అని మరొక మూల నుంచి కేకలు. ప్రతినాయకుడు చావబోతూ ఇరవైమూడవది పలికినప్పుడు పడిన చప్పట్లు, ఆ నటుడి జీవితంలోనే ఎప్పుడూ పడి ఉండవు. నా పక్కన మా బావమరిది మాత్రం ఆ తల్లీకొడుకుల ఘట్టానికి నిజంగానే కండ్లు తుడుచుకొన్నాడు.

ఆ యాసను తెరమీద పలకడం తెలిసినవాడంటే, నా మటుకు, జయప్రకాశ్ రెడ్డే. సిరివెళ్లలో పుట్టి, లెక్కల మాస్టరుగా పనిచేసి, 1997లో 'ప్రేమించుకుందాం రా' సినిమాతో ప్రతినాయకుడిగా పేరు తెచ్చుకొన్న ఆయన, తరువాత తరువాత అదే గొంతుతో, అదే యాసతో కడుపుబ్బ నవ్వించాడు. యాస ఉండేది మాట చివరలో కాదు, మాట నడకలో. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో ఆయనకు తెలుసు కాబట్టే, గుండె ఝల్లుమనిపించిన మాటనే కాస్త నిదానించి అంటే నవ్వు పుట్టేది. 'అలెగ్జాండర్' అనే నాటకాన్ని రంగస్థలం మీద ఒక్కడే నిలబడి నడిపిన మనిషికి అది పెద్ద పని కాదు. 2020 సెప్టెంబరులో ఆయన పోయినరోజున నేను సంగటి నియమం తప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు.

ఇక పందెం సంగతి. నిరుటి దసరాకు ముసురు పట్టి ఇల్లు కదలలేని స్థితిలో, అందరం టీవీలో 'పాతాళభైరవి' చూస్తున్నాము. మాటల మధ్యలో బావమరిది, "ఎంతైనా బావగారూ, నవ్వంటే మా కోస్తావాళ్లదే. మీవాళ్లు నవ్వినా కత్తి దూసినట్టుంటుంది" అన్నాడు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూస్తున్న అవకాశం నోరు తెరుచుకొని నా ఎదుట నిలబడింది. "సరేనప్పా, ఈ సినిమాలోనే లెక్క తేల్చుకొందాము" అన్నాను. మా ఆవిడ న్యాయనిర్ణేత. గ్యాస్ రసీదు వెనుక రెండు గళ్లు గీశాము. నేను గెలిస్తే సుమో ప్రశ్న ఇక వినపడకూడదు. అతడు గెలిస్తే ఆ ప్రశ్నకు నేను ఏటా మనస్ఫూర్తిగా నవ్వాలి. షరతు నాకే కఠినమైనది.

దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. అనంతపురం జిల్లా అయితేనేమి, సీమే కదా, ఒక మార్కు నాకు. కథానాయకుడు రామారావుది నిమ్మకూరు, మాంత్రికుడు రంగారావుది నూజివీడు, మాటలు అల్లిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవాడు. చూస్తుండగానే అతడి గడి నిండిపోయింది. నిర్మాతల దగ్గర అసలు రగడ మొదలైంది. నాగిరెడ్డిది మా కడప జిల్లా, చక్రపాణిది వాళ్ల తెనాలి. ఒక్క విజయా సంస్థను రెండుగా కోయడం ఎవరివల్లా కాదు గనుక చెరొక అర మార్కు పడింది. లెక్క నాకు వ్యతిరేకంగా పోతున్నదని గ్రహించి, "పందెం నవ్వు గురించి కాబట్టి నవ్వించినవాళ్లనే లెక్కించాలి" అని అభ్యంతరం లేవనెత్తాను. న్యాయనిర్ణేత అంగీకరించింది. (సంసారం ఇందుకే అవసరం.) కొట్టివేతలు పోగా, రాణిగారి తమ్ముడుగా వేసిన రేలంగి గోదావరి జిల్లాల మనిషి కనుక అతడికి ఒకటి, మాంత్రికుడి శిష్యుడు సదాజపుడుగా వేసిన పద్మనాభం మా సింహాద్రిపురంవాడు కనుక నాకు ఒకటి. సరిసమానమైంది.

బావమరిది ఒప్పుకోలేదు. "పద్మనాభం మద్రాసాయన. మీ జిల్లా అని రుజువేమిటి?" అన్నాడు. పుస్తకం చూపిస్తే ముద్రారాక్షసమన్నాడు, ఫోను చూపిస్తే ఎవడైనా రాయవచ్చునన్నాడు. మరునాడు ముసురు తెరపివ్వగానే మోటారుసైకిలు మీద బయలుదేరాము.

దారి పొడుగునా నేను పద్మనాభం చరిత్ర చెబుతూనే ఉన్నాను. ఆయన 1931లో పుట్టాడనీ, హాస్యనటుడిగా సంపాదించినది దాచుకోక నిర్మాతగా మారి, 1965లో రామారావు, సావిత్రి జంటగా 'దేవత' తీశాడనీ, ఆ తరువాత 'పొట్టి ప్లీడరు', 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' తీశాడనీ, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం సినిమాకు మొట్టమొదట పాడింది ఆ మర్యాద రామన్నకేననీ చెప్పాను. నెత్తిన హెల్మెట్టు, చెవుల్లో గాలి. వెనుక కూర్చున్నవాడికి నా మాటల్లో సగమే చేరుతున్నట్టున్నది. వేంపల్లె సమీపిస్తుండగా, కొండమలుపు దగ్గర గొంతు పెంచి, "అంతేకాదు, 1970లో మొల్ల!" అని అరిచాను.

"ముల్లా? ఏ చక్రానికి? ఆపండి బావగారూ!" అంటూ అతడు నా భుజాలు పట్టుకొని గుంజాడు. బండి మట్టిలోకి దిగి ఆగింది. ఇద్దరమూ దిగి, రెండు చక్రాలనూ వంగి పరిశీలించాము. నాకు సంగతి తెలిసి కూడా నేనెందుకు వంగానో చెప్పలేను. 'కథానాయిక మొల్ల' అనేది పద్మనాభం స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించిన సినిమా అనీ, రామాయణం రాసిన ఆ మొల్ల ఊరు బద్వేలు దగ్గరి గోపవరమేనని మేము చెప్పుకొంటామనీ, కడప హాస్యగాడు కడప కవయిత్రికి కట్టిన గుడి అదని నేను భావిస్తాననీ రోడ్డు పక్కన నిలబడి వివరించాను. "అయితే గాలి ఉన్నట్టేనా?" అన్నాడు. వేంపల్లెలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న తరువాత గాని మా మధ్య మాటలు తిరిగి మొదలుకాలేదు.

పులివెందుల దాటి, చీనీ తోటల మధ్యగా సింహాద్రిపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. టీ అంగడి కుర్రవాణ్ని పద్మనాభం గురించి అడిగితే, "ఎరువుల అంగడి పద్మనాభమా? అన్నానికి పోయినాడు, నాలుగుకు వస్తాడు" అన్నాడు. బావమరిది గ్యాస్ రసీదు జేబులోంచి తీయబోయాడు. అంతలో బల్లమీద కూర్చున్న ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "సినిమా పద్మనాభమా నాయనా? మా ఊరోడే! నేను పుట్టకముందే ఊరిడిసిపెట్టి పోయినాడు" అన్నాడు. నాకు ఆయనను కౌగిలించుకోవాలనిపించింది.

అంతటితో లేచి వచ్చి ఉంటే బాగుండేది. గెలిచిన ఉత్సాహంలో, "ఆయన సినిమా ఏదైనా చూసినారా పెద్దాయనా?" అని అడిగాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఎందుకు చూడలే! పొట్టి ప్లీడరు చూసినా. నవ్వలేక సచ్చినా. చీనీకాయల లారీ మీద పోయినప్పుడు చూసినాంలే, మద్రాసులో."

"మద్రాసు!" అన్నాడు బావమరిది, కుర్చీలోంచి లేచి. "చూశారా? నేను ముందే చెప్పాను, ఆయన మద్రాసాయన అని!"

అక్కడి నుంచే న్యాయనిర్ణేతకు ఫోను చేశాము. ఇద్దరమూ ఒకేసారి వాదించాము, టీ అంగడి కుర్రవాడు సాక్ష్యం చెప్పాడు, పెద్దాయన ఫోను అడిగి తీసుకొని మా ఆవిడతో చాలాసేపు తన చీనీతోట సంగతి మాట్లాడాడు. అన్నీ విన్న తరువాత, పుట్టింటిని కాదనలేక, అత్తింటిని వదులుకోలేక, ఆమె తీర్పు ఇచ్చింది: నాకు అర మార్కు ఆధిక్యం. సగమే గెలిచాను కనుక, సుమో ప్రశ్న కూడా సగమే మానాలి.

ఈ దసరాకు అతడు యథాప్రకారం రైలు దిగాడు. సంచీ నా చేతికిచ్చాడు. "బావగారూ, ఈ ఏడు మీ ఊళ్లో సుమోలు ఎన్ని..." అన్నాడు. అని, ఒప్పందం ప్రకారం అక్కడ ఆగి, నోరు గట్టిగా మూసుకొని, మెడ వారగా తిప్పి, కనుబొమ ఒకటి పైకెత్తి నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం మీద సంచీ కింద పడేసి నవ్వాను.