టెస్టులకు ముందు డేటాబేస్: గ్రేడిల్‌తో నా అనుభవం

ఒంగోలులో ఇంటి నుంచే పనిచేస్తాను. చీమకుర్తి గ్రానైట్ లారీలకు కాటా చీట్లు కొట్టే సాఫ్ట్‌వేర్ మాది. లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేసి చీటీ ఇవ్వాలి. లెక్క తప్పితే కాటా దగ్గరే గొడవ. అందుకే లెక్క సరిగ్గా వస్తోందో చూసే టెస్టులు నడపకుండా ఏదీ పంపం.

ఆ టెస్టులకు ఖాళీ టేబుళ్లున్న డేటాబేస్ కావాలి. దాన్ని నేను రోజూ చేత్తోనే తయారు చేసుకునేవాణ్ని. కందుకూరు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి కోడ్ దించుకుని ఫోన్ చేసింది. "అన్నా, ఒక్క టెస్టూ పాస్ అవ్వట్లేదు. నేనేమైనా తప్పు చేశానా?" పాపం, ఆమె తప్పేముంది? బిల్డ్ స్క్రిప్టులో, అంటే కోడ్‌ను కట్టి టెస్టులు నడిపే గ్రేడిల్ టూల్‌కి ఇచ్చే సూచనల్లో, ఉండాల్సిన పని నా చేతుల్లో ఉండిపోయింది.

ఆ రాత్రే గ్రేడిల్‌లో ఆ ఖాళీ డేటాబేస్‌ను తయారు చేసే ఒక టాస్క్ రాసి, టెస్టులకు ముందే నడిచేలా డిపెండ్స్‌ఆన్‌తో టెస్ట్ టాస్క్‌కి తగిలించాను. అన్నీ పాసయ్యాయి. మర్నాడు ఇంకో టెస్టు రాశాను: అర్ధరాత్రికి ముందు ఖాళీగా తూగిన లారీ, పన్నెండు దాటాక లోడుతో వస్తే? ఫెయిలైంది. ఎందుకో చూద్దామని, ముందు క్లీన్ (పాత బిల్డ్ ఫైళ్లను తీసేసే కమాండ్) కొట్టి డేటాబేస్ తెరిస్తే టేబుళ్లన్నీ ఖాళీ. మళ్లీ నడిపాను, మళ్లీ అదే. టెస్టులు నడపకుండానే ఎవరు తుడిచేస్తున్నారు? మధ్యాహ్నం దాకా డేటాబేస్‌నే అనుమానించాను.

తప్పు నా టాస్క్‌లో ఉంది. గ్రేడిల్ ముందు స్క్రిప్టు చదివి ఏ టాస్క్ ఎప్పుడో తేల్చుకుంటుంది, ఆ తర్వాతే అడిగినవి నడుపుతుంది. టాస్క్ బ్రాకెట్లలో నేరుగా రాసిన నా లైన్లు ఆ చదివే దశలోనే నడిచిపోతున్నాయి, ఏ కమాండ్ ఇచ్చినా సరే! అవసరమైతేనే తయారయ్యేలా టాస్క్‌ను రిజిస్టర్‌తో తిరగరాసి, ఆ లైన్లను టాస్క్ నిజంగా నడిచేటప్పుడే పనిచేసే డూలాస్ట్ లోపలికి జరిపాను. టెస్టులు వదిలేసే నమూనా పీడీఎఫ్‌లను తీసేసే టాస్క్‌ను, టెస్టుల తర్వాత నడిచేలా ఫైనలైజ్డ్‌బైతో కట్టాను. టెస్టు ఫెయిలైనా అది నడుస్తుంది.

ఆ అమ్మాయి దగ్గర మాత్రం ఇంకా ఫెయిలే. ఆమె కోడ్ రాసే ఎడిటర్ ఇంటెల్లిజే టెస్టులను సొంతంగా నడుపుతోంది, గ్రేడిల్‌ను అడగడమే లేదు. సెట్టింగుల్లో గ్రేడిల్‌కి మార్పించాను.

"అన్నా, ఇప్పుడు ఒక్కటే ఫెయిల్. అర్ధరాత్రి లారీది."

డేటాబేస్ తెరిచాను. ఈసారి వరుసలు అలాగే ఉన్నాయి. ఒకే లారీకి రెండు చీట్లు: ఒకదాంట్లో ఖాళీ బరువు, ఇంకోదాంట్లో లోడు బరువు. లారీ నంబరుతో పాటు తేదీ కూడా కలిస్తేనే పాత చీటీని వెతికేలా రాసి ఉంది.